ఒక సంఘం నేర్చినది పది సంఘాలకు అందాలి
(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సమావేశంలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘాలు దూరదూరాన ఉన్నాయి. అయినా రెండు పూటలా పాలు ఒకే డెయిరీకి చేరుతున్నాయి. ఒక ఊరి అనుభవం మాత్రం మరో ఊరికి చేరడం లేదు.

నేను తనిఖీ చేసిన ఒక సంఘంలో వేసవిలో సాయంత్రం పాలు తరచు విరిగేవి. కార్యదర్శి వెదకగా క్యాన్ల మూతల అంచుల్లో పాత పాలు పేరుకుని కనిపించాయి. మూతలను సోడా కలిపిన వేడినీటితో తోమించి, ఎండలో ఆరబెట్టించారు. బెడద తీరింది. ఈ సంగతి పక్క ఊరికి తెలియక అక్కడి సభ్యులు వేసవంతా నష్టపోయారు.

జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి మండలి 1965లో ఏర్పడింది. 1970లో ఆపరేషన్ ఫ్లడ్ పథకం ప్రారంభమైన తరువాత, డాక్టర్ కురియన్ నాయకత్వాన ఆ మండలి జిల్లాలకు నిపుణుల బృందాలను పంపింది. ఖేడా జిల్లా రైతులు 1946 నుండి గడించిన అనుభవాన్ని అవి ఊరూరా అందించాయి. స్థానిక సిబ్బందిని వెంట తిప్పుకుని, పని నేర్పి, బాధ్యత అప్పగించి వెళ్లాయి. మనకూ అదే మార్గం.

వెన్న పరీక్షనే తీసుకోండి. గెర్బర్ పద్ధతిలో ఆమ్లం 10 మి.లీ., పాలు 10.75 మి.లీ., అమైల్ ఆల్కహాలు 1 మి.లీ. ఇది టెస్టరు ఒక్కరికే తెలిస్తే, ఆయన సెలవు పెట్టిన రోజున రీడింగు తప్పుతుంది, రైతుకు ధర తగ్గుతుంది. నేడు చాలాచోట్ల యంత్రాలు వచ్చాయి. వాటిని కడగడం, సరిచూడడం కూడా తెలిసినవారు ఉండాలి.

కావున నాలుగు పనులు చేయవలసిందిగా కోరుతున్నాను.

1. ప్రతి సంఘంలో అనుభవాల పుస్తకం పెట్టండి. తేదీ, వచ్చిన ఇబ్బంది, చేసిన పని, ఫలితం రాయండి. ఫలించని ప్రయత్నాలనూ రాయండి.

2. ప్రతి పనీ ఇద్దరికి నేర్పండి.

3. నెలకొకసారి పాలకవర్గ సమావేశంలో ఆ పుస్తకం చదివించి, ముఖ్య విషయాల నకలును పాల వ్యాను ద్వారా అదే రూటులోని సంఘాలకు పంపండి.

4. కార్యదర్శి మారినప్పుడు నగదు, సరుకుతో పాటు ఈ పుస్తకాన్నీ పాలకవర్గం ఎదుట అప్పగించాలి.

ఇందుకయ్యే ఖర్చు ఒక నోటుపుస్తకం. విరిగిన ఒక్క క్యాను పాల విలువ అంతకంటే ఎక్కువ. వచ్చే తనిఖీలో మీ రిజిస్టర్లతో పాటు ఈ పుస్తకం కూడా చూపించగలరని ఆశిస్తున్నాను.