అంతర్జాలము – ఆరోగ్యము

గోదావరి డెల్టా రైతునకు కాలువ కట్టుట క్రొత్త సంగతి కాదు. దాళ్వా పంట చేతికి వచ్చు వేళకు కాలువలకు నీరు నిలుపుదురు. పూడిక తీయుటకు, లాకులు బాగుచేయుటకు అది అవసరము. కాని ఆ తేదీని అధికారులు ముందుగా ప్రకటింతురు. గ్రామములవారు ఆ లోపల మంచినీటి చెరువులు నింపుకొందురు. కట్టుటయు, వదలుటయు అందరికి తెలిసి జరుగును గనుక, ఇబ్బంది ఉన్నను అందులో అన్యాయము లేదు.

నేడు మన పల్లెలకు మరియొక కాలువ వచ్చినది. అదియే అంతర్జాలము. బ్యాంకు చెల్లింపు, పరీక్షల దరఖాస్తు, రైలు టిక్కెట్టు – అన్నియు ఆ దారినే సాగుచున్నవి. వీనికంటె ముఖ్యమైనది వైద్యము. 'ఈ-సంజీవని' అను దూరవైద్య పద్ధతిని 2019 నవంబరులో తన ఆరోగ్య కేంద్రములలో దేశమున మొట్టమొదట ప్రారంభించినది ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే. అది పనిచేయు తీరు సులభమైనది. ఊరి ఆరోగ్య కేంద్రమునందలి ఉద్యోగిని రోగిని పరీక్షించి, రక్తపుపోటు, చక్కెర మొదలగు వివరములను కంప్యూటరులో నమోదు చేయును. దూరమున నున్న వైద్యుడు తెరపై రోగిని చూచి, మాటలాడి, మందులచీటి పంపును. లంక గ్రామపు వృద్ధురాలికి పడవ దాటి, బస్సెక్కి, పట్టణమునకు పోవలసిన శ్రమ ఆ మేరకు తగ్గును. 2021 సెప్టెంబరు 27న దేశవ్యాప్తముగ ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఉద్దేశము మరియొకటి. రోగి అంగీకరించినచో, ఆతని ఆరోగ్య వివరములు ఒక ఆసుపత్రి నుండి వేరొక ఆసుపత్రికి అందవలెననుటయే అది.

ఇట్టి కాలువ హఠాత్తుగా కట్టువడినచో ఏమగును? 2022లో కోనసీమ దానిని చూచినది. క్రొత్త జిల్లాకు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు చేర్చు ప్రతిపాదనపై మే 24న అమలాపురమున అల్లర్లు చెలరేగినవి. ఒక మంత్రి ఇంటికి, ఒక శాసనసభ్యుని ఇంటికి నిప్పు పెట్టిరి. ప్రభుత్వము ఇంటర్నెట్ సేవలను నిలిపివేసినది. ఆ నిలుపుదల పొడిగింపబడుచు దాదాపు రెండు వారములు సాగినది. ఇంటి నుండి కంపెనీ పని చేయు యువకులు సిగ్నలు వెదకికొనుచు పొరుగు ప్రాంతములకు పోవలసివచ్చినది. వారికి కాళ్లున్నవి, మోటారు సైకిళ్లున్నవి. మంచము పట్టిన రోగి ఎక్కడికి పోగలడు?

ప్రభుత్వ వాదమును త్రోసిపుచ్చరాదు. వదంతి చేతి ఫోనులెక్కినచో ఘడియలో వేయి ఇండ్లకు ప్రాకును. ఇండ్లు తగులబడుచుండగా అధికారి చేతులు ముడుచుకొని కూర్చుండజాలడు. అయినను ఎంత మేర నిలుపవలెను, ఎంత కాలము నిలుపవలెను, ఎవరికి మినహాయింపు ఈయవలెను అను ప్రశ్నలు మిగిలియే యుండును.

కాశ్మీరమునకు సంబంధించిన అనురాధా భాసిన్ కేసులో సుప్రీం కోర్టు 2020 జనవరి 10న వీనిని విచారించినది. అంతర్జాలము ద్వారా సాగు భావప్రకటనకు, వృత్తి వ్యాపారములకు రాజ్యాంగపు 19వ అధికరణము రక్షణ కలదనెను. సేవలను నిరవధికముగ నిలుపరాదనియు, ఉత్తరువులను ప్రకటింపవలెననియు చెప్పెను. సేవలు వెంటనే పునరుద్ధరింప వీలుగాని చోట్ల ఆసుపత్రుల వంటి అత్యవసర సేవలకైనను అనుమతి నిచ్చు విషయము ఆలోచింపుమని ఆదేశించెను. అదే సంవత్సరము నవంబరులో, ఏ ఉత్తరువును 15 దినములకు మించరాదని నియమము చేరినది. 2024 నాటి క్రొత్త నియమములలోను ఆ గడువు నిలిచియున్నది.

నియమము కాగితమున నున్నంత మాత్రమున చాలదు. ఆసుపత్రులు, ఆరోగ్య కేంద్రములు, మందుల దుకాణములు – వీని మినహాయింపు జాబితా ప్రతి జిల్లాలోను అల్లరికి ముందే సిద్ధముగ నుండవలెను. తీగ తెగినను రోగి వివరములు కనబడునట్లు ఆసుపత్రి కంప్యూటరులోనే ఒక ప్రతి నిలుపుకొనవలెను. గృహస్థులు మందులచీటిని కాగితముపై గూడ దాచుకొనుట, కొంత నగదు ఇంట నుంచుకొనుట మంచిది. చెరువు నింపుకొనుట యనగా ఇదియే.

కాలువ కట్టినప్పుడు మొదట ఎండునది శివారు భూమి. ఉత్తరువుపై సంతకము చేయు అధికారి ఆ శివారున నున్న రోగిని ముందుగా తలచుకొనవలెను.