నావికుడు కుమారునకు పాడిన పాటలు

బిడ్డలకు హితము చెప్పుట తండ్రి ధర్మమని అన్ని దేశములవారును ఒప్పుకొందురు. ఆ హితమును ఏ తీరున చెప్పవలె నన్నచోటనే చిక్కు వచ్చుచున్నది. గద్దించి చెప్పినచో బిడ్డడు చెవులు మూసికొనును. బుజ్జగించి చెప్పినచో నవ్వి పోవును. తండ్రి దూరమున నుండి చెప్పవలసి వచ్చినప్పుడు ఈ చిక్కు ఇనుమడించును. అమెరికా దేశపు గాయకు డొకడు ఈ చిక్కును తొమ్మిది పాటలతో ఎట్లు విడదీసికొనెనో మీకు విన్నవించుటయే నేటి నా ప్రసంగము.

ఆ గాయకుని పేరు స్టర్జిల్ సింప్సన్. ఆయన పాటల సంపుటమునకు 'ఎ సెయిలర్స్ గైడ్ టు అర్త్' అని పేరు. భూలోకమునకు నావికుని మార్గదర్శిని యని దాని కర్థము చెప్పుకొనవచ్చును. అది 2016 ఏప్రిలు 15వ తేదీన వెలువడినది. తొమ్మిది పాటలును కలిసి నలువది నిమిషములకు లోపుగనే ముగియును. పాటలన్నియు ఆయన కుమారుని సంబోధించియో, ఆ బిడ్డడు వినవలెనను తలంపుతోనో పాడినవి.

పరదేశపు పాట మనకేల యని మీలో కొందరు అడుగవచ్చును. ఆ సంగీతము పుట్టుక తెలిసినచో అది మనకు అంత పరాయిదిగా తోపదు. అమెరికా తూర్పుభాగమున అపలేషియను పర్వతములు కలవు. ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండు దేశములనుండి వలసపోయిన రైతులు ఆ కొండలలో కాపురముండి, తమ తాతలనాటి కథాగేయములను పాడుకొనుచుండిరి. మన కచేరీలలో గాయకుని ప్రక్కన కూర్చుండి వాయించు ఫిడేలే అక్కడ పల్లెటూరి నాట్యములకు ముఖ్యవాద్యము. ఆఫ్రికానుండి బానిసలుగా కొనిపోబడినవారు తమ పూర్వుల వాద్యములను జ్ఞప్తి చేసికొని బాంజో అను తంత్రీవాద్యమును చేసికొనిరి. అదియు ఈ పాటలలో చేరెను. 1925లో నాష్‌విల్ నగరపు రేడియో నిలయ మొకటి వారమున కొక రాత్రి ఈ పల్లెపాటలను ప్రసారము చేయ నారంభించెను. 1927లో బ్రిస్టల్ అను పట్టణమున గ్రామఫోను కంపెనీవారు గాయకులను పిలిపించి పాటలు పట్టిరి. కొండపాట దేశపు పాట యగుటకు రేడియోయు గ్రామఫోనును కారణములైనవి. దీనికే 'కంట్రీ' సంగీత మని పేరు.

పిమ్మట, 1950 ప్రాంతమున, నల్లజాతివారి పాటల లయయు ఈ పల్లెపాటయు కలిసి 'రాక్' అను క్రొత్త సంగీతము పుట్టెను. విద్యుత్తుతో మ్రోగు గిటారును, బలమైన డ్రమ్ముల దెబ్బయు దాని గురుతులు. తల్లియింటిని మరచినట్లు పట్టణములలో తిరుగుచున్న రాక్ సంగీతమును 1968లో బర్డ్స్ అను బృందమువారును, వారితో కూడిన గ్రామ్ పార్సన్స్ అను యువకుడును మరల పల్లెపాటతో కలిపిరి. దీనిని కంట్రీ-రాక్ అందురు. సింప్సన్ ఈ త్రోవలో వచ్చినవాడే గాని, త్రోవ వెడల్పు చాలక ఇంకను విశాలము చేసికొన్నవాడు.

ఇక ఆయన సంగతి. కెంటకీ రాష్ట్రమున జాక్సన్ అను ఊర 1978లో జన్మించెను. అది బొగ్గుగనుల సీమ. తల్లివైపు మగవారిలో గనిపనికి పోకుండ తప్పించుకొన్నవారిలో ఆయనయే మొదటివాడు. చిన్నతనముననే నౌకాదళమున చేరి జపానులో కొంతకాలము పనిచేసెను. అటుపిమ్మట రైలు కంపెనీలో కొలువుచేసెను. 2013లో తొలి సంపుటము వెలువరించి, తన వంశమువారిని పాతిపెట్టిన కొండ శ్మశానము పేరే దానికి పెట్టెను. 2014లో రెండవ సంపుటముతో దేశమంతట పేరు వచ్చెను. ఆ యేడే కుమారుడును పుట్టెను. పేరు వచ్చిన గాయకుడు ఊరూర పాడుచు తిరుగవలెను గదా! బిడ్డని తొలి మాసములలో పెక్కుదినములు తండ్రి యింట లేకపోయెను. ఆ బాధయే ఈ పాటలకు మూలము.

దీనికి తోడు ఇంట మరియొక కథ కలదు. సింప్సన్ తాతగారు రెండవ ప్రపంచయుద్ధమున దక్షిణ పసిఫిక్ ప్రాంతమున సైనికుడు. తాను తిరిగి యిల్లు చేరుట కల్ల యని తలచి, భార్యకును పసిబిడ్డకును వీడ్కోలుగా ఒక ఉత్తరము వ్రాసెను. దైవానుగ్రహమువలన ప్రాణములతో తిరిగివచ్చెను. మనుమడు ఆ ఉత్తరమునే మాతృకగా గొని, ఇంటికి దూరమైన నావికుడొకడు తన బిడ్డకు వ్రాయు లేఖవలె ఈ తొమ్మిది పాటలను అల్లెను. ఒక పాట ముగియునంతలో మరియొక పాట అందుకొనుచుండుటచేత, లేఖను పుటవెంట పుట తిప్పి చదివినట్లు తోచును.

మొదటి పాట బిడ్డకు స్వాగతము. పియానోయు, తంత్రీవాద్యములును మెల్లగా ఎత్తుకొనగా, తండ్రి తొలిసారి బిడ్డ ముఖము చూచిన ఆనందమును పాడును. నడుమ ఒక్కసారిగా నడక మారును. బూరలు మ్రోగును, తాళము పరుగెత్తును. ఆనందము వెనుకనే విడిచిపోవలసిన దుఃఖము వచ్చినది. ఇంటికి రాలేకపోతినే యను ఆరాటము వచ్చినది. ఈ పాట పేరులో 'తోకకప్ప' యను అర్థముగల మాట యొకటి కలదు. భూమధ్యరేఖ నింకను దాటని క్రొత్త నావికుని నావికులు ఎగతాళిగా అట్లు పిలుతురు. లోకమున కప్పుడే వచ్చిన బిడ్డకు ఈ పేరు ఎంత చక్కగా అమరినది!

రెండవ పాట జోలపాటవలె సాగును. మన గోటువాద్యమున తంతిపై కొయ్యముక్కను జార్చి గమకము పలికించునట్లు, వారు ఉక్కుకడ్డీని జార్చి వాయించు స్టీల్ గిటారు కలదు. దాని నాదము ఈ పాటయందు సముద్రపు పొంగువలె లేచి పడుచుండును.

మూడవదియే అసలు నీతిపాట. బడి మానవలదు, చెడు త్రోవల పోవలదు, బండిని గీతల నడుమ నడుపుకొమ్ము అను తీరున హితవులు వరుసగా వచ్చును. నేను ముప్పది యేండ్లు బడిపంతులుగా నుండి సుమతి శతకమును, కుమార శతకమును పిల్లలచేత వల్లెవేయించినవాడను. కనుక ఈ పాట నాకు వెంటనే చుట్టమైనది. అయినను ఒక భేదము కలదు. మన శతకకారుడు పీటపై కూర్చుండి చెప్పును. ఈ తండ్రి నేలపై బిడ్డప్రక్కన కూర్చుండి, నా మాట వినుము గాని నా నడత చూచి నేర్చుకొనకుము, కొడుకు తండ్రివలెనే కావలెనను నియమము లేదు, అను భావమును నవ్వుచు పాడుచున్నాడు. తన బ్రతుకును దాచకుండుటచేత ఆ మాటకు బరువు వచ్చినది.

నాలుగవ పాట ఆ మాటకు సాక్ష్యము. ఆసియా రేవుపట్టణములలో తాను గడపిన పడుచుదనపు దినములను, నౌకాదళపు కొలువులో తాను పడిన విసుగును అందు చెప్పును. పెద్దలు పిల్లల యెదుట చెప్పుకొనని సంగతులు ఇందు కొన్ని కలవు. నాకును మొదట అది రుచింపలేదు. కాని మూడవ పాట విన్న చెవితోనే నాలుగవదియు వినవలెను. ఎచ్చట లోతు కలదో, ఎచ్చట రాయి కలదో చెప్పని మార్గదర్శిని నావికునకు ఏమి పనికివచ్చును?

అయిదవ పాట సింప్సన్ కట్టినది కాదు. నిర్వాణా యను రాక్ బృందమువారు 1991లో వెలువరించిన పాట. వారు దానిని కోపముతో కేక వేసినట్లు పాడిరి. సింప్సన్ తన కౌమారమున విన్న ఆ పాటను మెల్లగా, దయతో పాడి, చివర ప్రేమను గూర్చిన మాట యొకటి తానుగా చేర్చెను. లోపల మెత్తదన ముండియు పైకి మొరటుగా తిరుగు పదునైదేండ్ల కుర్రవాని చిత్రముగా అది మారిపోయినది. పాట యొకటే, పాడిన హృదయము వేరు.

తరువాతి పాట మృత్యువును గూర్చినది. చావు తప్పదు గనుక భయపడక బ్రతుకు మనును. దీనిలో రాక్ గిటారు మోత మిక్కుటము. దానిని వాయించినవాడు లౌర్ యోఅమెట్స్ అను ఎస్టోనియా దేశస్థుడు. ఏడవ పాట తండ్రి చెంత లేనప్పుడును ప్రేమ నిన్ను చుట్టియే యుండు నని బిడ్డకు ధైర్యము చెప్పును. ఎనిమిదవది భార్యతో చెప్పుకొనిన వీడ్కోలు. తొమ్మిదింటిలో మిక్కిలి నెమ్మదియైనది. తొమ్మిదవది యుద్ధములపై ఆగ్రహము. పరదేశపు యుద్ధములకు పల్లెల బిడ్డలను పంపు ప్రభుత్వములను మాజీ సైనికు డొకడు నిలువదీయుచున్నాడు. తాత ఉత్తరము యుద్ధభూమిలో పుట్టినది. మనుమని లేఖ యుద్ధమును నిరసించి ముగియుచున్నది. ఈ తుదిపాటలో వాద్యముల రొద నాకు హెచ్చుగా తోచిన దని చెప్పక తప్పదు. జోలపాడిన గొంతు వెంట ఆ రొద వినుట కష్టము. బిడ్డని యుద్ధమునకు పిలుతు రేమో యను భయము తండ్రికి కలిగినప్పుడు, గొంతు మెత్తగా నుండుటయు కష్టమే.

ఇది కలగూరగంప గాదా యని సంగీతజ్ఞులు ఆక్షేపింపవచ్చును. పల్లెపాట ఉన్నది, రాక్ ఉన్నది. నల్లజాతివారి చర్చి పాటలలోని ఆర్తిని లోకవిషయములకు త్రిప్పిన 'సోల్' సంగీతమును ఉన్నది. దానికై న్యూయార్కు నగరపు డాప్-కింగ్స్ అను బృందమునకు చెందిన బూరవాద్యకారులు వాయించిరి. నా యభిప్రాయమున ఇది అలంకారమునకై చేసిన కలుపు గాదు. బిడ్డను చూచిన ఆనందమునకు, హాస్యముతో చెప్పు హితమునకు, చావును తలచుకొను ధైర్యమునకు, యుద్ధముపై కోపమునకు ఒకే బాణీ చాలదు. మన యక్షగానమున ద్విపదయు, కందమును, దరువును, వచనమును సందర్భమునుబట్టి రావా? కథ యొకటిగా నుండిన చాలును. ఇందు తండ్రి యొకడు, బిడ్డ యొకడు, లేఖ యొకటి. కనుకనే వాద్యము లెన్ని మారినను వినువాడు త్రోవ తప్పడు.

2017 ఫిబ్రవరిలో ఈ సంపుటమునకు ఉత్తమ కంట్రీ సంపుట మని గ్రామీ బహుమానము వచ్చెను. అదే సంవత్సరము నవంబరులో నాష్‌విల్ నగరమున కంట్రీ సంగీత సంఘమువారి బహుమాన సభ జరిగెను. ఆ సభవారి పట్టికలో ఆయన పేరు లేదు. ఆయన సభామందిరము వెలుపల వీథిలో నిలిచి, గిటారు పెట్టెలో గ్రామీ బహుమానము నుంచి, వచ్చిపోవు వారికి పాడెను. వీథిలో పాడుట పల్లెపాటకు క్రొత్త గాదు, చిన్నతనమును గాదు.

పెద్దలారా! నేడు మన పల్లెలలోను కొడుకులు ఒకచోట, మనుమలు ఒకచోట. నా కుమారుడు బొంబాయిలో నున్నాడు. మనుమని నేను ఏటి కొకమారు చూతును. ఫోనులో కుశలప్రశ్నలతోనే కాలము సరిపోవును. చెప్పవలసినది చెప్పకయే మిగిలిపోవును. సింప్సన్ తాతగారు కవి కాడు, గాయకుడు కాడు. భయముతో, ప్రేమతో ఒక కాగితమున నాలుగు మాటలు వ్రాసెను. డెబ్బది యేండ్ల పిమ్మట మనుమడు దానినుండి తొమ్మిది పాటలు తీసెను. మీరును మీ మనుమలకు ఒక ఉత్తరము వ్రాసియుంచుడు. మీరు పడిన కష్టమును, పోయిన త్రోవను, తగిలిన రాళ్లను దాచక వ్రాయుడు. దానిని పాట కట్టువాడు మీ యింట ఎప్పుడు పుట్టునో ఎవ రెరుగుదురు? నేను నా మనుమనికి వ్రాయ నారంభించితిని.