రాముణ్ని నిలదీసిన భక్తుడు

రేపేమవుతుందో తెలియని రోజుల్లో దేవుణ్ని నమ్మడమంటే నోరు మూసుకుని ఊరుకోవడమేనా? కంచర్ల గోపన్న, అదే మన భద్రాచల రామదాసు, అలా ఊరుకున్న మనిషి కాదు.

నేలకొండపల్లిలో పుట్టి, గోల్కొండ సుల్తాను తానీషా ఏలుబడిలో పాల్వంచ పరగణాకు తహశీల్దారయ్యాడు. శిస్తు సొమ్ముతో భద్రాద్రి రాముడి గుడి కట్టించాడన్న నేరం మోపి గోల్కొండ చెరసాలలో వేశారు. పన్నెండేళ్లంటారు. ఎప్పుడు విడుస్తారో, అసలు విడుస్తారో లేదో తెలియదు.

అక్కడ కూర్చుని ఆయన రాముడికే లెక్క అప్పజెప్పాడు! సీతమ్మకు చింతాకు పతకం, శత్రుఘ్నుడికి బంగారు మొలతాడు, దేనికెంత ఖర్చయిందో కీర్తనలో ఏకరువు పెట్టి నిలదీశాడు. తహశీల్దారు బుద్ధి ఎక్కడికి పోతుంది! దెబ్బలకు తాళలేక తిట్టాడు, ఆ వెంటనే ఏమనుకోకయ్యా అని బతిమాలాడు. నాన్నతో పని పడితే పిల్లలు అమ్మ దగ్గరికి చేరినట్టు, ఒక మాట చెప్పమ్మా అని సీతమ్మను పట్టుకున్నాడు. పరాయివాళ్లతో ఎవరైనా ఇంత చనువుగా పోట్లాడతారా? నాకైతే ఆ తిట్లలోనే ఆయన నమ్మకం కనిపిస్తుంది.

ఈసారి గోల్కొండ వెళ్తే ఆ చెరసాల గది తప్పక చూడండి. రామదాసు చెక్కినవని చెప్పే దేవతామూర్తులు గోడమీద ఇప్పటికీ ఉన్నాయి.