అహంకారమూ ఆత్మగౌరవమూ

సర్వస్తోత్రాలు అల్లాహ్‌కే చెందుగాక. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై, వారి కుటుంబంపై, సహచరులందరిపై శాంతి శుభాలు వర్షించుగాక.

ప్రియ సోదరులారా! మొదటగా మీకూ మాకూ దైవభీతిని గురించి హితవు చెప్పుకుంటున్నాము. ఈనాటి ప్రసంగాంశం అహంకారం. ఈ మాట వినగానే మనలో ప్రతి ఒక్కరికీ మరొకరి ముఖం గుర్తుకు వస్తుంది. పొరుగువాడిదో, బావమరిదిదో, ఊరి పెద్దదో. తన ముఖం మాత్రం ఎవరికీ గుర్తుకు రాదు. ఈ వ్యాధి లక్షణమే అది.

ఇబ్లీసు వృత్తాంతాన్ని దివ్య ఖుర్ఆన్ పలుచోట్ల ప్రస్తావించింది. అతడు అల్లాహ్ ఉనికిని కాదనలేదు. ప్రళయదినాన్నీ కాదనలేదు, పైగా ఆ దినం వరకు తనకు గడువిమ్మని వేడుకున్నాడు. ఆదం (అలైహిస్సలాం) ముందు సాష్టాంగపడమన్న ఆజ్ఞకు అతడు చూపిన అభ్యంతరం ఒక్కటే: తన పుట్టుక అగ్నిలో, ఆదం పుట్టుక మట్టిలో, కాబట్టి తానే శ్రేష్ఠుడట. తాను ఏమి చేశాడో చెప్పలేదు, తాను దేనితో పుట్టాడో చెప్పాడు. ఈ వాదన మీకు ఎక్కడైనా విన్నట్టుగా అనిపిస్తే, దాని సంగతి తరువాత చెప్పుకుందాము.

అహంకారమంటే ఏమిటో దైవప్రవక్త (స) స్వయంగా నిర్వచించారు. సహీహ్ ముస్లింలో ఆ హదీసు ఉంది. గుండెలో రవ్వంత గర్వమున్నవాడు కూడా స్వర్గంలో ప్రవేశించడని వారు చెప్పినప్పుడు ఒక వ్యక్తి కలవరపడి, మనిషి మంచి బట్టలు, మంచి చెప్పులు కోరుకుంటాడు కదా, అదీ గర్వమేనా అని అడిగాడు. కాదన్నారు ప్రవక్త. అల్లాహ్ సుందరుడు, సౌందర్యాన్ని ప్రేమిస్తాడు. గర్వమంటే సత్యాన్ని తోసిపుచ్చడం, మనుషులను చిన్నచూపు చూడడం అని వివరించారు. ఇస్త్రీ చొక్కాకూ అహంకారానికీ సంబంధం లేదన్నమాట. చిరుగు చొక్కాలోనూ అహంకారం హాయిగా ఇముడుతుంది.

లుఖ్మాన్ తన కుమారునికి చేసిన ఉపదేశంలో, జనం నుండి చెంప తిప్పుకోవద్దన్న మాట ఉంది. అక్కడి అరబీ పదానికి మూలం ఒంటెలకు వచ్చే మెడజబ్బు అని వ్యాఖ్యాతలు రాశారు. ఆ జబ్బు సోకిన ఒంటె మెడ ఒక పక్కకు తిరిగిపోతుంది. మన ఊళ్ళలో ఒంటెలు లేవు గాని ఆ మెడలు ఉన్నాయి.

ఇమాం గజాలీ (రహ్మతుల్లాహి అలైహి) తమ ఇహ్యాలో ఈ రోగానికి ఒక పూర్తి అధ్యాయమే కేటాయించారు. గర్వానికి కారణమయ్యేవి ఏడని లెక్కగట్టి, విద్యను మొట్టమొదట పెట్టారు. వంశం, అందం, ధనం, బలం, అనుచరగణం ఆ తరువాత. బగ్దాదులోని నిజామియా విద్యాలయంలో మహా పండితునిగా వెలుగుతూ, తమ బోధన అల్లాహ్ కోసం కాక పేరుకోసం సాగుతున్నదన్న శంకతో 1095లో ఆ పీఠాన్ని విడిచి వెళ్ళిన మనిషి రాసిన మాట అది. పండితులమైన మేము ఆ జాబితాను మొదటి నుండి చదువుకోవాలి. మీరు రెండవ దాని నుండి చదువుకున్నా సరిపోతుంది. ఆ రెండవది ఆరాధన!

ఇక వంశం సంగతి. దీని మీదనే కొంచెం నిలవదలిచాము.

హిజ్రీ 8లో మక్కా జయమైన నాడు ప్రవక్త (స) బిలాల్ (ర)ను కాబాపై నుండి అజాన్ ఇమ్మన్నారు. నిన్నటి బానిస, హబషీ తల్లి బిడ్డ, ఆ గృహం మీద నిలబడడం ఖురైషు పెద్దలు కొందరికి మింగుడుపడలేదు. మనుషులందరినీ ఒక స్త్రీ, ఒక పురుషుని నుండి పుట్టించామని, గోత్రాలు పరస్పర పరిచయానికేనని, అల్లాహ్ దగ్గర గౌరవం దైవభీతిపరులకేనని చెప్పే హుజురాత్ సూరహ్ 13వ వాక్యం ఆ సందర్భంలోనే అవతరించిందని కొందరు వ్యాఖ్యాతల అభిప్రాయం.

ఈ వాక్యాన్ని మన సభలలో గోడలకు తగిలిస్తాము. నికాహ్ మాటలు మొదలయ్యేసరికి ఆ గోడ వైపు వీపు తిప్పి కూర్చుంటాము. సయ్యదులా, షేకులా, పఠాన్లా? దూదేకులవారా? ఇంట్లో ఉర్దూ మాట్లాడతారా, తెలుగేనా? అబ్బాయి నమాజు చదువుతాడా అన్న ప్రశ్న, వస్తే, చివరన వస్తుంది. తరతరాలుగా విల్లుతో దూది ఏకి, జనానికి పరుపులు కుట్టి, చెమటోడ్చి హలాలు సంపాదన తిన్న కుటుంబాలు ఆంధ్రలోనూ తెలంగాణలోనూ ఎన్నో ఉన్నాయి. వారి పనిని వెక్కిరిస్తూ పుట్టిన మాటలను మనం ఇంకా నవ్వుతూ పలుకుతున్నాము. పేర్లు పెట్టి గేలి చేయడాన్ని అదే హుజురాత్ సూరహ్ 11వ వాక్యం నిషేధించిందని మరచిపోయి పలుకుతున్నాము.

ఉర్దూ మా తల్లి నేర్పిన భాష. మదరసాలో మేము చదివినది ఆ భాషలోనే. దానిని మేము ప్రేమిస్తాము. అయితే అది ప్రవక్త (స) మాట్లాడిన భాష కాదు, బిలాల్ (ర) మాట్లాడిన భాషా కాదు. ప్రతి ప్రవక్తనూ అతని జాతి భాషలోనే పంపామని ఖుర్ఆన్ చెబుతున్నది. భాషలు వేరువేరుగా ఉండడాన్ని అల్లాహ్ తన సూచనలలో ఒకటిగా పేర్కొన్నాడు. ఖబరులో నీ ప్రభువెవరు, నీ ధర్మమేది, నీ ప్రవక్త ఎవరు అని అడుగుతారు. ఇంట్లో ఏ భాష మాట్లాడేవాడివని అడగరు.

కొన్ని నెలల క్రితం అసర్ నమాజు తరువాత ఒక యువకుడు మా దగ్గరకు వచ్చాడు. చదువుకున్నవాడు, ఉద్యోగస్తుడు. పేరు ముందు సయ్యద్ అని రాసుకోవచ్చునా అని అడిగాడు. ఎందుకు నాయనా అంటే, రెండు సంబంధాలు తప్పిపోయాయని, కార్యాలయంలో తోటి ముస్లిములే తన యింటి యాసను చూసి నవ్వుతున్నారని, ఇంటికి స్నేహితులు వస్తే అమ్మ తెలుగులో పలకరిస్తుందేమోనని భయంగా ఉంటుందని తలవంచుకుని చెప్పాడు.

మస్అలా స్పష్టమే. తెలిసి తెలిసీ తన తండ్రిని కాదని వేరొకరి వంశం చెప్పుకోవడం ఘోరపాపమని సహీహ్ హదీసులు హెచ్చరిస్తున్నాయి. రాసుకోరాదని చెప్పాము. కాని సోదరులారా, అంతటితో మా బాధ్యత తీరినట్టు మాకు అనిపించలేదు. ఒక బిడ్డను తన తల్లి మాటకు సిగ్గుపడే స్థితికి తెచ్చినవారి పాపం ముందు, అతడు అడిగిన ప్రశ్న చాలా చిన్నది. ఆ బిడ్డ తనను తాను తక్కువ చేసుకోవడాన్ని కూడా వినయమని మేము అనలేము. వినయం అల్లాహ్ ముందు తల వంచుతుంది. అతని తల వంగినది సంతలో తనకు కట్టిన ధరకు.

అతనికి మేము జాహిర్ (ర) వృత్తాంతం చెప్పాము. ముస్నద్ అహ్మద్‌లో అనస్ (ర) ఉల్లేఖించినది. జాహిర్ ఎడారిలో ఉండే పల్లెవాసి. చూడచక్కని రూపం కాదు. మదీనాకు వచ్చినప్పుడల్లా ఎడారిలో దొరికేదేదో ప్రవక్త (స)కు కానుకగా తెచ్చేవాడు. తిరిగి వెళ్ళేటప్పుడు ప్రవక్త అతనికి కావలసినవి సమకూర్చేవారు. అతడు మనకు పల్లె, మనం అతనికి పట్నం అని మురిపెంగా అనేవారు. ఒకనాడు అతడు బజారులో సరుకు అమ్ముకుంటుండగా ప్రవక్త వెనుక నుండి వచ్చి కౌగిలించుకున్నారు. ఎవరది, వదలండి అని గింజుకున్నవాడు, ఎవరో తెలియగానే తన వీపును ప్రవక్త రొమ్ముకు మరింత ఆనించాడు. ఈ బానిసను ఎవరు కొంటారని ప్రవక్త పరిహాసమాడారు. నన్ను అమ్మబోతే చెల్లని సరుకునవుతానన్నాడు జాహిర్. అల్లాహ్ దగ్గర నీవు చెల్లని సరుకువు కావు, ఎంతో విలువైనవాడివి అన్నారు ప్రవక్త (స).

జాహిర్ తన గురించి చెప్పుకున్న మాటను గమనించండి. నవ్వుతూ అన్నాడో, నొచ్చుకుంటూ అన్నాడో, బజారు తనను ఎలా చూస్తుందో అతనికి తెలుసు. ప్రవక్త అతనికి కొత్త వంశాన్ని ప్రసాదించలేదు, రూపాన్ని మార్చలేదు. నలుగురూ చూస్తుండగా బజారు నడుమ చెమట పట్టిన ఆ ఒంటిని హత్తుకుని, అతని వెల ఎక్కడ రాసి ఉందో చెప్పారు. ఇది విని ఆ యువకుడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, అమ్మకు ఈ కథ తెలుగులో చెప్పవచ్చునా అని అడిగాడు. అతనితో కూర్చుని మేమే తెలుగులో రాసి ఇచ్చాము.

మరొక హదీసు, బుఖారీలోనూ ముస్లింలోనూ ఉన్నది. మస్జిదె నబవీని ఊడ్చే ఒక నల్లని స్త్రీ ఉండేది. ఆమె మరణిస్తే సహచరులు ప్రవక్తకు చెప్పకుండానే ఖననం చేశారు. అది చిన్న సంగతి అనుకున్నారు. ఆమె కనబడక ప్రవక్త (స) ఆరా తీశారు. నాకెందుకు తెలియజేయలేదని మందలించి, సమాధి ఎక్కడో చూపమని వెళ్ళి, అక్కడ ఆమె కోసం నమాజు చేశారు. మన మస్జిదును ఊడ్చే మనిషి పేరు మనలో ఎందరికి తెలుసు?

చివరగా అబూజర్ (ర). తొలినాళ్ళ ముస్లిములలో ఒకరు. ఒకసారి ఒక వ్యక్తిని తిడుతూ అతని తల్లిని ఎత్తి అవమానించారు. ప్రవక్త (స) విని, నీలో ఇంకా అజ్ఞానకాలపు లక్షణం మిగిలి ఉందన్నారు. నీ చేతి కింద ఉన్నవారు నీ సోదరులే, నీవు తినేది వారికి తినిపించు, నీవు తొడిగేది వారికి తొడిగించు అన్నారు. చాలా ఏళ్ళ తరువాత, మదీనాకు దూరంగా రబజా అనే చోట ఒకరు అబూజర్‌ను చూశారు. ఆయన మీద ఎటువంటి వస్త్రం ఉందో, పక్కన ఉన్న సేవకుని మీదా అటువంటి వస్త్రమే ఉంది. ఇదేమిటని అడిగితే, ఆయన ఆ పాత సంగతిని దాచకుండా చెప్పారు.

ఈ మాటలు చెప్పి, మా కొరకూ మీ కొరకూ, విశ్వాసులైన స్త్రీ పురుషులందరి కొరకూ అల్లాహ్‌ను క్షమాభిక్ష వేడుకుంటున్నాము. మీరూ వేడుకోండి.