రుజువు అడిగే అలవాటు



గుండెపోటు తరువాత గుండె లయ తప్పితే ప్రమాదం. కాబట్టి లయను సరిచేసే మందు ప్రాణం కాపాడుతుందని వైద్యులు నమ్మారు. 1989లో అమెరికాలో ‘కాస్ట్’ పరిశోధన ఫలితాలు వెలువడ్డాయి. ఫ్లెకైనైడ్, ఎన్‌కైనైడ్ మందులు లయను సరిచేశాయి. కాని ఉత్తి మాత్ర వాడినవారిలో కన్నా, ఈ మందులు వాడినవారిలోనే మరణాలు ఎక్కువ! తర్కం ఒక్కటే చాలదు, రుజువు కావాలి.

ఈ అలవాటు తరగతి గదిలో కాదు, రోగి మంచం పక్కన అబ్బుతుంది. మన దేశంలో 2008లో మొదలైన ఆరేళ్ల ఫార్మ్.డి. కోర్సులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్ అందుకే.

రాయ్‌పూర్‌లోని టాటీబంధ్‌లో ఉన్న ఎయిమ్స్ వంటి పెద్దాసుపత్రిని ఊహించుకోండి. నీళ్ల విరేచనాలతో వచ్చిన రెండేళ్ల బిడ్డ చీటీలో యాంటీబయాటిక్ ఉంది. మలంలో రక్తం ఉందా? కలరా అనుమానం ఉందా? రెండూ లేకుంటే, ఆ మందుతో మేలేమిటి? విద్యార్థి మార్గదర్శకాలు వెతుకుతాడు. ఓఆర్ఎస్‌తో పాటు రోజుకు 20 మిల్లీగ్రాముల జింక్ 10 నుంచి 14 రోజులు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2004లో సూచించాయి. ఆ ఆధారాన్ని డాక్టరుగారి ముందు వినయంగా ఉంచుతాడు. మర్నాడు బిడ్డను మళ్లీ చూస్తాడు.

ప్రశ్నించడం, వెతకడం, తూచడం, అమలుచేయడం, ఫలితం చూడడం — ఈ ఐదూ చేతికి అలవాటైననాడే మీరు నిజమైన ఫార్మసిస్టులు.