అవ్వ మాటకు తిరిగి వెళ్ళే దారి

 

ఆదివాసీ దినోత్సవం కదా, సంస్కృతి గురించి మాట్లాడమన్నారు. నేను ఒక చిన్న విషయమే చెబుతాను. వీడియో టేపు మీద ఉండే అంకెల గురించి. దాన్ని టైమ్‌కోడ్ అంటారు. సంఘం దగ్గరున్న పాత మినీ డీవీ క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించి, చిన్న చిత్రాలు తయారుచేసే పని ఈ ఏడు మీలో కొందరికి అప్పగించారు. మేము చేసిన తప్పు ముందే చెప్పేస్తే మీరు చేయరని నా ఆశ.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచేసింది. మన యానాది పెద్దల్లో చాలామందికి పుట్టిన తేదీ తెలియదు. "ఉప్పెననాటికి నాకు ఇద్దరు బిడ్డలు" అని చెబుతారు. ఆ ఒక్క రోజు నుంచే ముందుకీ వెనక్కీ లెక్క. 2007లో ఉప్పెనకు ముప్పై ఏళ్ళు నిండుతున్నాయని, నేనూ మరో ముగ్గురమూ కెమెరా అద్దెకు తెచ్చి, నాగాయలంక దిగువనున్న మన కాలనీల్లో ఆరు క్యాసెట్లు తీశాం. ఒక్కొక్కటి గంట. పెళ్ళి వీడియోలు చేసే కుర్రాడి చేత ఎడిట్ చేయించి, పద్దెనిమిది నిమిషాల చిత్రాన్ని కొత్త క్యాసెట్ మీదికి ఎక్కించాం.

అందులో ఒక అవ్వ అంటుంది: "మొదటి రెండు రోజులూ మా వంక ఎవురూ చూళ్ళేదు." నవంబరులో చిత్రం వేశాం. పక్క ఊరి పెద్దలు కూడా వచ్చారు. అయిపోయాక వాళ్ళు మాట్లాడకుండా లేచి వెళ్ళిపోయారు. మర్నాడు కబురు వచ్చింది: "మీ అవ్వ అంత మాట అంటుందా? మీరే అనిపించారా?"

అవ్వను అడుగుదామంటే ఆ వానాకాలంలోనే పోయింది. ఆమె ఆ మాట తర్వాత ఇంకేదో చెప్పిందని నాకు లీలగా గుర్తు. అసలు టేపులో చూద్దామన్నాం. చిత్రంలో ఆ మాట 00:06:20 దగ్గర ఉంది. ఆరు క్యాసెట్లలోనూ అదే అంకె దగ్గరికి వెళ్ళి చూశాం. ఒకదాంట్లో మేక, ఒకదాంట్లో పడవ. అవ్వ ఎక్కడా లేదు.

ఉండదు కూడా. అక్కడే మాకు తెలియనిది ఉంది. అసలు టేపు మీది టైమ్‌కోడ్ వేరు, ఎడిట్ చేసిన వరుసకు పడే టైమ్‌కోడ్ వేరు. 00:21:07:08 అంటే గంటలు, నిమిషాలు, సెకన్లు, ఫ్రేములు. మన దేశపు పాల్ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు కాబట్టి చివరి అంకె 00 నుంచి 24 దాకా నడుస్తుంది. ఎడిటింగ్‌లో ముక్కలన్నీ పక్కపక్కన పేర్చినా, ఏ ముక్క అసలు అంకె ఆ ముక్కతోనే సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. టేపు మీదికి పంపేటప్పుడు మాత్రం అది బొమ్మతో పాటు వెళ్ళదు. మామూలు కెమెరాలో రికార్డు చేస్తే, ఆ కెమెరానే కొత్త క్యాసెట్ మీద తన అంకెలు తాను వేసుకుంటుంది.

మా తప్పు ఇంకొకటి ఉంది. క్యాసెట్ల మీద నంబర్లు వేయలేదు. ప్రతి క్యాసెట్టూ సున్నా నుంచే మొదలు, కాబట్టి ఒకే అంకె ఆరు చోట్ల ఉంది. పైగా "నా మొకం చూపించండ్రా" అని అవ్వ అడిగితే, టేపు వెనక్కి తిప్పి చూపించి, మళ్ళీ తీసేటప్పుడు మధ్యలో ఖాళీ వదిలేశాం. ఖాళీ వస్తే చాలు, కెమెరా మళ్ళీ సున్నా నుంచి లెక్కపెడుతుంది. ఆ క్యాసెట్‌లో ఒకే అంకె రెండుసార్లు ఉంది.

మూడు రాత్రులు కూర్చుని వెతికితే, నాలుగో క్యాసెట్ రెండో సగంలో 00:21:07:08 దగ్గర ఆ మాట దొరికింది. తర్వాత అవ్వ ఏడుస్తూ చాలాసేపు ఆగిపోయింది. 00:25:50 దగ్గర మళ్ళీ అందుకుంది: "మూడోనాడు పక్కూరోళ్ళు పడవలో గంజి తెచ్చి పోశారు. ఆళ్ళిళ్ళూ కూలిపోయినయ్యి, అయినా తెచ్చారు." ఎడిట్ చేసిన అబ్బాయి ఏడుపు తీసేస్తూ దాన్నీ తీసేశాడు. చెడ్డ ఉద్దేశంతో కాదు. చూసి సరేనన్నది మేమే.

టీవీ మోసుకుని పక్క ఊరి రామాలయం అరుగు దగ్గరికి వెళ్ళి, ఆ ఐదు నిమిషాలూ కోత లేకుండా వేశాం. ఒక పెద్దాయన, "ఆ గంజి కాచింది మా అమ్మే" అన్నాడు. అంతే, కాలనీకీ ఊరికీ మధ్య మాట మళ్ళీ కలిసింది.

ఇక మీరు చేయవలసింది చెబుతాను. మొదట క్యాసెట్‌కు నంబరు వేయండి, పక్కనున్న మీటను 'సేవ్' వైపు జరపండి. ఎక్కించేటప్పుడు ఆ నంబరునే రీలు పేరుగా ఇవ్వండి. ప్రాజెక్టు పాల్, 25 ఫ్రేములు అని పెట్టండి. ఎక్కించాక కెమెరాలో కనబడే అంకె, కంప్యూటర్‌లో కనబడే అంకె ఒకటేనా అని రెండు మూడు చోట్ల సరిచూడండి. టేపులో అంకె తెగిన చోట విడి ఫైలుగా ఎక్కించి, మొదటి సగం, రెండో సగం అని రాయండి.

ఎడిట్ అయ్యాక రెండు ప్రతులు తీయండి. ఒకటి చూపించడానికి. రెండోది మనకోసం, అసలు టైమ్‌కోడ్ బొమ్మ మీదే కనబడేట్టు. అక్కడ వరుస అంకె కాకుండా అసలు క్లిప్పు అంకెనే ఎంచుకోవాలి. వేగం మార్చిన ముక్కల్లో ఆ అంకెను నమ్మకండి. ఏ రీలు, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా తీసుకున్నారో చెప్పే ఈడీఎల్ అనే పట్టికను సాఫ్ట్‌వేరే ఇస్తుంది. దాన్ని దాచండి, ఒక నోటుపుస్తకంలో చేత్తోనూ రాయండి.

ఫోనుతో తీసేవాళ్ళకూ ఇదే మాట. చాలా ఫోన్లలో ఫైలు పేరులోనే తేదీ, సమయం ఉంటాయి. ఆ పేరు మార్చకండి. వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది కుదించేస్తుంది. డాక్యుమెంటుగా పంపండి.

నేరస్థ తెగల చట్టం నడిచిన రోజుల్లో మన ఎరుకల పెద్దల పేర్లు పోలీసు రిజిస్టర్లలోకి ఎక్కాయి. రాసింది వాళ్ళు, చదివింది వాళ్ళు. ఇప్పుడు కెమెరా మన చేతిలో ఉంది. కోసేదీ మనమే. "మా అవ్వ ఇదే అన్నదా?" అని రేపు ఎవరైనా అడిగితే, "నాలుగో క్యాసెట్, రెండో సగం, ఇరవై ఒకటో నిమిషం, రండి చూద్దాం" అని చెప్పగలగాలి.

ఆ ఆరు క్యాసెట్లూ ఈ సంచిలో తెచ్చాను. నంబర్లు వేశాను. సభ అయ్యాక వచ్చి తీసుకోండి.