సభ్యత్వపు కార్డు, సంసారపు లెక్క

(గోల్‌మురిలో ఉగాది కలయిక నాడు చేసిన ప్రసంగ పాఠము)



ఉగాది పచ్చడి రుచిచూచి, పంచాంగ శ్రవణము చేసి, తృప్తిగా కూర్చున్న సభవారి ముందు కందిపప్పు ధరను గూర్చి మాటలాడుట కొంత అనుచితముగనే యుండును. కాని ఈ విషయమును నేను కోరుకొనలేదు. మన సంఘములో నెల దినములుగా ఒక వివాదము నడచుచున్నది. మహానగరములలో సభ్యత్వపు కార్డు కలవారికి మాత్రమే సరకు లమ్ము పెద్ద పెద్ద గోదాము అంగళ్ళు వెలసినవి గదా, ఎవరిదో యొక వర్తకుని కార్డు సంపాదించి మన కుటుంబము లన్నింటికి కావలసిన సరకులు ఒక్కసారి లారీ మీద తెప్పించుకొన్నచో నెలనెలా ఎంతో మిగులునని కొందరు, అది వట్టి భ్రమయని కొందరు వాదించుచున్నారు. “మీరు ఈ ఊరివారే, ఢిల్లీలో ఉద్యోగము చేయుచున్నారు, ఇట్టి అంగళ్ళు చూచియుందురు, వచ్చి నిష్పక్షపాతముగా చెప్పుడు” అని కార్యదర్శిగారు జాబు వ్రాసిరి. నేను చదివినది బి.ఏ., అందును చరిత్ర. అర్థశాస్త్రముతో నా పరిచయము ప్రతి నెల ఇరువదియవ తేదీ తరువాత మాత్రమే.

ముందుగా నా తప్పు ఒప్పుకొందును. నేను హైదరాబాదులో డిప్యుటేషను మీద నాలుగేండ్లుంటిని. అక్కడ మా బావగారికి చిన్న టిఫిను హోటలు కలదు. హోటలు పేర ఆయనకొక కార్డు కలదు. ఒక ఆదివారము ఆ కార్డు పుచ్చుకొని, భార్యాపిల్లలతో, అట్టి అంగడి యొకదానికి వెళ్ళితిని. పైకప్పు దాక పేర్చిన బస్తాలు, మనిషి పడుకొనదగిన తోపుడు బండ్లు, పది కిలోలకు తక్కువ లేని పొట్లములు! ఇంటి నుండి వ్రాసికొని వెళ్ళిన పట్టీలో ఏడు వస్తువులుండెను. తిరిగి వచ్చునప్పుడు బండిలో ఇరువదిమూడుండెను. చీటీ అంతయు కూడి చూడగా మా వీధి దుకాణపు ధరల కంటె 730 రూపాయలు తక్కువైనది. ఆ రాత్రి నేను విజయము సాధించినవానివలె నిద్రించితిని.

నా భార్య ఖర్చుల పుస్తకము వ్రాయునలవాటు కలది. రెండు నెలల తరువాత ఆమె ఆ పుస్తకము నా ముందుంచినది. పది కిలోల కందిపప్పులో నాలుగు కిలోలు వానకాలములో పురుగుపట్టి పారవేయబడినవి, 480 రూపాయలు. పోయివచ్చుటకు పెట్రోలు 260. ఇంట నెల దినములు రావలసిన బిస్కత్తులు, పెద్దపెట్టె కనబడుచుండుటచే, తొమ్మిది దినములలో అయిపోయి మరల కొన్నందుకు 300. మొత్తము 1040. మిగిలినదని నేననుకొన్న 730 పోగా, నికరముగా 310 రూపాయల నష్టము. అప్పటికి ఆ ఆదివారపు మూడు గంటలకు వెల కట్టలేదు. ఆ పుస్తకములో లాభము చూపిన వస్తువు ఒక్కటే, నూనె డబ్బా. దానిని ఆమె ఇరుగుపొరుగున ముగ్గురితో పంచుకొన్నది. ఈ సంగతి మీరు జ్ఞాపకముంచుకొనవలెను, మరల దీని దగ్గరకే వత్తును.

డబ్బా యన్నాను గనుక గోల్‌మురివారితో ఒక మాట. పెద్దమొత్తముగా సరకు నింపి దూరదేశములకు పంపుటకు డబ్బా కావలె, డబ్బాకు తగరపు పూత పూసిన రేకు కావలె. బర్మా ఆయిల్ కంపెనీవారికి కిరసనాయిలు నింపుటకు అట్టి రేకు కావలసియే, టాటావారితో కలసి 1920లో టిన్‌ప్లేట్ కంపెనీని ఇక్కడ స్థాపించిరి. 2024 జనవరిలో ఆ కంపెనీ టాటా స్టీలులో లీనమైనది. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల నుండి వచ్చి ఈ పట్టణపు కర్మాగారములలో కుదురుకొన్న తెలుగువారిలో మా తండ్రిగారొకరు. ఆయన పని ఆ రేకుల మీదనే. కావున పెద్ద డబ్బాను చూచి మోహపడుటకు నాకు కొంత వంశపారంపర్యపు హక్కు కలదు.

ఇక ఈ సభ్యత్వమను మాట ఎక్కడ పుట్టినది? 1844 డిసెంబరులో ఇంగ్లండులోని రాచ్‌డేల్ అను నేతపట్టణమున 28 మంది, తలకొక పౌను చొప్పున వేసికొని చిన్న అంగడి తెరచిరి. వెన్న, చక్కెర, పిండి, కొవ్వొత్తులు మొదలగు కొద్దిపాటి సరకే. కల్తీ లేని సరకు, సరియైన తూకము, రొక్కపు బేరము. మిగిలిన లాభమును ఎవరెంత కొనిరో ఆ ప్రకారము వారికే పంచియిచ్చుట వారి నియమము. మన దేశమున 1904లో మద్రాసు తిరువల్లిక్కేణిలో ఈ పద్ధతిపై సహకార భండారము వెలసినది. 1962 చైనా యుద్ధము వెనుక ధరలు పెరుగగా ప్రభుత్వము వినియోగదారుల సహకార సంఘములకు ఊతమిచ్చినది. మన కేంద్రోద్యోగుల కేంద్రీయ భండార్ 1963లో ఢిల్లీలో పుట్టినది ఆ వేళనే. అక్కడ సభ్యుడన వాటాదారుడు. అంగడి అతనిది. క్యూలో నిలుచుండియు యజమానియే. ఆ భండారములలో ఎప్పుడును మనకు కావలసిన పప్పు తప్ప అన్నియు నుండునని మా సెక్షనులో ఒక పరిహాసము కలదు. అది వేరు సంగతి.

గోదాము అంగడి సభ్యుడు వాటాదారుడు కాడు. అతడు లోనికి పోవుటకు రుసుము చెల్లించువాడు. ఈ పద్ధతికి ఆద్యుడు సోల్ ప్రైస్ అను అమెరికా వర్తకుడు. 1976లో శాన్ డియేగోలో ప్రైస్ క్లబ్ అని తెరచి, మొదట వర్తకులకే అమ్మెను. వ్యాపారము సాగక ప్రభుత్వోద్యోగులు మొదలగు కొన్ని వర్గములవారిని కూడ చేర్చుకొనెను. జీతము క్రమముగా వచ్చువాడు, చెక్కు చెల్లువాడు! మనవంటి వారిని వర్తకులు ఎన్నడో కనిపెట్టిరన్న మాట. 1983లో సియాటిల్‌లో తెరచిన కాస్ట్‌కో 1993లో ప్రైస్ క్లబ్‌తో కలసినది.

డాలసులో నున్న మా మేనత్త కుమారునితో ఈ ప్రసంగము నిమిత్తమై గంటసేపు మాటలాడితిని. అక్కడ కాస్ట్‌కోలో మామూలు సభ్యత్వము సాలునకు 65 డాలర్లు; 2024 సెప్టెంబరు వరకు 60 ఉండెను. 130 డాలర్ల పెద్ద సభ్యత్వము పుచ్చుకొన్నచో కొన్నదానిలో నూటికి రెండు వంతులు తిరిగి యిత్తురు. అనగా అదనముగా కట్టిన 65 రాబట్టుటకు సాలునకు 3250 డాలర్ల సరకు కొనవలెను, నెలకు దాదాపు 271. ఇంత కొనుట అక్కడి తెలుగు కుటుంబమునకు కష్టము కాదు. వారికి కారు కలదు, సరకు పెట్టుకొనుటకు గరాజు కలదు, పాలు కూరలు నిలువయుంచు పెద్ద శీతలపేటిక కలదు. ఆ అంగడి కూడ తన వంతు నిగ్రహము పాటించును. కొన్న ధరపై నూటికి 14, 15కు మించి వేయరాదని వారి కట్టుబాటు. అంగడిలో నాలుగువేలకు మించని వస్తువులే యుంచుదురు. మరి లాభమెట్లు? 2024 ఆర్థిక సంవత్సరమున సభ్యత్వపు రుసుములే సుమారు 480 కోట్ల డాలర్లు వచ్చినవి. ఆ యేటి నికరలాభము సుమారు 737 కోట్లు. రుసుములు లేనిచో ఆ లాభము ఎంతకు దిగునో మీరే ఊహించుడు. “మేము కూడ నీవలెనే మొదట పట్టీకి మించి కొంటిమి, ఇప్పుడు నాలుగిండ్ల వారము కలసి ఒకరి గరాజులో పంచుకొందుము” అని మా వాడన్నాడు. డాలసులోను నా భార్య నూనె డబ్బా సూత్రమే నడచుచున్నది.

మన దేశపు పరిస్థితి వేరు. జర్మనీ సంస్థ మెట్రో 2003లో బెంగుళూరులో తెరచిన నాటి నుండి ఆ అంగళ్ళు టోకువర్తకపు నియమము క్రింద నడచినవి. పిమ్మట హైదరాబాదు, విజయవాడలకు వచ్చినవి. 2023లో ఆ వ్యాపారమును రిలయన్స్ కొన్నది. ఆ టోకు నియమము ప్రకారము కార్డు దుకాణదారునికి, హోటలువానికి, ఇట్టి వ్యాపారస్థులకే. మనవంటి సంసారి ఆ గేటు దాటుట యనగా పరుల పేరు చెప్పి దాటుటయే. నేను దాటితిని గనుక చెప్పుచున్నాను, అది గొప్ప నేరమనను గాని, ఇరువది యేండ్లుగా ఫైళ్ళ మీద “నిబంధనల ప్రకారము చర్య తీసికొనవలెను” అని వ్రాయు చేతితో బావగారి కార్డు చూపునప్పుడు నా మొగము ఎట్లున్నదో నాకే తెలియును. మన సంఘము పేర ఈ పని చేయుటకు నేను సమ్మతింపను.

పెద్దమొత్తమున కొనుట మనకు క్రొత్త విద్య కాదు. మా నాయనమ్మ శ్రీకాకుళము ప్రాంతపు పల్లెలో ఏడాది గ్రాసము ఒక్కసారి కొనెడిది, అయిన కాడికి పండించెడిది. ఆమెకు గోదాము గాదెయే. కాని ఏది నిలుచునో ఏది నిలువదో ఆమెకు తెలియును. వేసవిలో క్రొత్త చింతపండు వచ్చినప్పుడు గింజ, పీచు తీసి, ఉప్పు చల్లి, కుండలో అదిమిపెట్టును. మిరపకాయలు తొడిమలతో గలగలమనునట్లు ఎండబెట్టును. కందిపప్పుకు ఆముదము పట్టించి ఎండలో ఆరబోయును. బియ్యములో ఎండిన వేపాకు వేయును. పాతబియ్యము క్రొత్తబియ్యము కంటె మేలు గదా, నిలువ చేసినందుకు వాటికి వెల పెరుగును గాని తరుగదు. నా పది కిలోల పప్పుకు పురుగెందుకు పట్టినది? ఆముదము పట్టించు ఓపిక మా ఇంట నెవరికిని లేకపోయినందున. ఉన్నదనుకొన్నను, మూడవ అంతస్తు వసారాలో ఎండ లేదు. టోకున కొన్నవాడు టోకుగా చాకిరి చేయవలెను. ఆ చాకిరి ఇంటిలో ఎవరి మీద పడునో సభలోని స్త్రీలకు నేను చెప్పనక్కరలేదు. ఈ సంగతి మాత్రము ఏ అంగడి చీటీలోను కనబడదు.

బస్తా పెద్దదైనంత మాత్రమున చవుక యనియు నమ్మరాదు. 2022 జూలైలో 25 కిలోలకు మించని ప్యాకెట్ల బియ్యము మీద 5 శాతము పన్ను వేయగా, తెలుగునాట ఏమి జరిగినది? 26 కిలోల బస్తాలు పుట్టినవి! మన వర్తకుల బుద్ధికుశలతకు నమస్కారము. కాని కొన్నవాడు 25కును 26కును కిలో ధర కట్టి చూచెనా? ఈ మధ్య ప్యాకెట్ల మీద గ్రామునకో కిలోకో ఇంత యని కూడ అచ్చువేయవలెనను నియమము వచ్చినది. కండ్లజోడు పెట్టుకొని ఆ చిన్న అంకె చదువుడు. ఒక్కొక్కప్పుడు చిన్న ప్యాకెట్టే చవుకగా నుండును.

ఇక మన గోల్‌మురి బజారులోని ఖాతా దుకాణపు మాట. నాకు పదకొండేండ్ల వయస్సున మా తండ్రిగారు జబ్బుపడి ఏడు నెలలు పనికి పోలేకపోయిరి. జీతము సగమై, తరువాత అదియు లేకపోయెను. అప్పుడు మా అమ్మ ఎర్రయట్ట ఖాతా పుస్తకము నా చేతికిచ్చి దుకాణమునకు పంపెడిది. దుకాణదారుడు ఎన్నడును బాకీ అడుగలేదు. నేను పుస్తకము చాపుటకు సిగ్గుపడి నిలుచున్నచో తానే చేయి చాచి తీసికొనెడివాడు. ఆయన సాధువనుకొనరాదు. ఆయన తక్కెడ విషయమై మా అమ్మ రెండు పర్యాయములు వీధిలో నిలువదీసినది, ధర యెప్పుడును రూపాయి అర్ధరూపాయి ఎక్కువే. ఆ బాకీ తీర్చుటకు మాకు రెండున్నరేండ్లు పట్టినది. రాచ్‌డేల్ వారు అప్పు ఇవ్వమని నియమము పెట్టిరి, వారికి కారణము కలదు. గోదాము అంగడిలో అప్పు మాటయే లేదు. మేమిచ్చిన ఆ అదనపు అర్ధరూపాయలు మరియొక విధమైన సభ్యత్వపు రుసుమేమో యని ఈ లెక్కలు వేయునప్పుడు నాకు తోచినది. అది లాభమో నష్టమో నా భార్య పుస్తకములో ఏ గడిలో వ్రాయవలెనో తెలియలేదు.

కావున కార్యదర్శిగారు అడిగిన దానికి నా సమాధానము. పరుల కార్డు వలదు, లారీ వలదు. నెలసరి పప్పు, పిండి, సబ్బులు ఎవరి దుకాణములో వారే కొనుడు. చెడిపోనివి నాలుగే నాలుగు, పాతబియ్యము, చింతపండు, ఎండుమిరప, నూనె డబ్బాలు, ఇవి సాలునకు రెండు పర్యాయములు, ఇష్టమున్న కుటుంబములు ముందుగా రొక్కము వేసికొని, టోకువర్తకుని వద్ద మన పేరననే కొని పంచుకొందము. చింతపండు, మిరప ఆంధ్రదేశము నుండియే వచ్చునట్లు చూడవలెను. విశాఖ బండిలో బస్తా వేసికొని వచ్చిన చుట్టముల కాలము జ్ఞాపకము కలవా రిక్కడ నున్నారు. మిగిలిన పైకము కొనినవారికే, కొన్నంత మేరకు. పంచునప్పుడు తగవులు వచ్చును, తప్పక వచ్చును. అందుచే తూచువాడొకడు, వ్రాయువాడొకడు, ఇరువురును వేర్వేరు వీధులవారై యుండవలెను. అధిక ప్రసంగమైనది, క్షమింపుడు. పేర్లు వ్రాసికొనుటకు కాగితము మొదటి వరుస నుండి పంపుచున్నాను. మా అమ్మ పేర ఐదు కిలోల చింతపండు, ఒక డబ్బా నూనె ముందే వ్రాసితిని. డబ్బా ఖాళీ అయిన పిదప బియ్యము పోసికొనుటకు తనకే కావలెనని ఆమె చెప్పి పంపినది.